నూలు చుట్టిన బంతి

మా సాఫ్ట్‌బాల్ క్లబ్బు మొదటి బ్యాటు మా అన్న వీపు మీద విరిగింది. చెక్కింది మా వాడ వడ్లాయన, విరగ్గొట్టింది పోలీసులు. తుమ్మ కర్ర, ఏనుగు తొక్కినా విరగదని ఆయన ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. అది ఎక్కడ విరిగిందో తెలిశాక సిగ్గుతో మా గడప తొక్కలేదు.

సిరిసిల్లలో ఆ రోజుల్లో నలుగురు కుర్రాళ్ళు ఒకచోట నిలబడితే సంఘం పెట్టారనేవాళ్ళు. మీరెవరి మనుషులని పోలీసులు అడిగేవాళ్ళు, అదే ప్రశ్న దళం వాళ్ళూ అడిగేవాళ్ళు. ఇద్దరికీ తుపాకులుండేవి, మాకు జవాబు ఉండేది కాదు. అలాంటి కాలంలో మా బడి డ్రిల్లు సారు ఎక్కడికో శిక్షణకు పోయి ఈ కొత్త ఆట నేర్చుకొచ్చాడు. బంతిని చేయి కిందినుంచి విసరాలి, కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి రావాలి. సారు తెచ్చింది ఆట ఒక్కటే. బంతి, బ్యాటు, గ్లౌజు, గ్రౌండు అన్నీ వాడ వాళ్ళే సమకూర్చారు.

మానేరు ఒడ్డున, తంగళ్ళపల్లి వైపు, సర్కారు తుమ్మలు కొట్టి జాగా చేశారు. రోలరు ఎవరిస్తారు మాకు? మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. పాత సాంచా ఇనుప బీముకు తాళ్ళు కట్టి, డ్యూటీ దిగిన మరమగ్గాల కార్మికులే ఎడ్లలా లాగి నేల చదును చేశారు. తెగిపోయిన సాంచాల తోలు పట్టాలతో చెప్పులు కుట్టే తాత గ్లౌజులు కుట్టాడు. గోనె సంచుల్లో వేస్టు నూలు కుక్కితే అవి మూలల్లో పెట్టే బేసులయ్యాయి. బంతి పని ఆడవాళ్ళది. కండెలు చుట్టే చేతులు కదా, రబ్బరు బంతి మీద వేస్టు నూలు ఎంత బిగించి చుట్టారంటే, మొదటిసారి పట్టినవాడి బొటనవేలు వంకాయంత వాచింది. అందులో మా అమ్మ చుట్టిన బంతికి పెద్ద పేరు. ఎవరూ కూలి అడగలేదు. అడిగితే మా అమ్మ నోట్లో పడేవాళ్ళు.

నేను పిచర్‌ని, బంతి విసిరేదాన్ని. ఆడపిల్లకు మగవాళ్ళ మధ్య ఏం పనని కొందరు సణిగారు గానీ, నా బంతి ఒకాయన మోకాలికి తగిలాక సణుగుడు తగ్గింది. అన్న క్యాచర్, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని నా బంతి అందుకునేవాడు. చిన్నప్పటినుంచీ సాంచాల మధ్య నిలబడి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగమే పనిచేసేది. మా ఊళ్ళో అదేం వింత కాదు. షెడ్డులో మాట వినబడదు కాబట్టి అందరూ సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళు. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. అరచేయి ముందుకు తోస్తే సాంచా నడుపుమని. ఆ సైగలనే అన్న ఆటలోకి తెచ్చాడు. పోగు తెగిందంటే మెల్లటి బంతి వేయాలి. వేగంగా వస్తుందనుకున్నవాడు ముందే బ్యాటు తిప్పి బొక్కబోర్లా పడేవాడు.

కోరుట్లలో జట్టు పెట్టించింది మా వాళ్ళే. జగిత్యాలకు కూడా పని మానుకుని, సద్దులు కట్టుకుని పోయి నేర్పి వచ్చారు. సైగలు మాత్రం వాళ్ళకు నేర్పలేదు. అంత ధర్మాత్ములం కాదు మేము.

అప్పుడే జగిత్యాల రోడ్డు మీద మందుపాతర పేలి పోలీసు జీపు లేచిపోయింది. మనుషుల ముక్కలు చెట్ల కొమ్మలకు చిక్కుకున్నాయని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. మరునాడు సాయంత్రం పోలీసులు మా గ్రౌండులోకి దిగారు. ఆగమని కేకేశారు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగాం. అన్న ఒక్కడే మాకు వీపు చేసి, బేసు సంచి భుజాన వేసుకుని తుమ్మల వైపు నడుస్తున్నాడు. సంచులు రోజూ అక్కడే దాచేవాళ్ళం. వాళ్ళకు మాత్రం పారిపోతున్న మనిషి కనిపించాడు.

నేను అడ్డంగా ఉరికాను. "మా అన్నకు ఇనరాదు సారూ, కొట్టకుండ్రి" అన్నాను. నన్ను జుట్టు పట్టి విసిరేశారు. తుపాకి మడమతో అన్న మెడ మీద కొట్టి పడేసి, పక్కనే పడి ఉన్న మా బ్యాటు తీసుకున్నారు. అది విరిగేదాకా కొట్టారు. విరిగాక బూటుకాళ్ళతో చేతివేళ్ళు తొక్కారు. సంచి కోసి నూలంతా ఇసుకలో పీకి చూశారు, బాంబు దొరకలేదు. దొరకనందుకు ఇంకో నాలుగు తన్ని జీపులో వేసుకుపోయారు.

ఆ ఠాణా పేరు చెప్పను, మా ఇంటినుంచి నడిచిపోయే దూరమే. డ్రిల్లు సారు పోయి అడిగితే అలాంటి మనిషిని మేం తేనేలేదన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. తేలేదన్న మనిషి రెండు రోజులకు అడవిలో శవమై, పేపర్లో నక్సలైటై తేలేవాడు. మా అన్నను ప్రాణాలతో చూస్తామా లేదా అన్నది ఇక ఆ రెండు రోజుల లోపల తేలాలి.

తెల్లారాక క్లబ్బు వాళ్ళు షెడ్డు షెడ్డుకూ తిరిగారు. సాంచాలు ఆపి అందరూ ఠాణా ముందు కూర్చోవాలన్నారు. బీము లాగినవాళ్ళు, తుమ్మలు కొట్టినవాళ్ళు, బంతులు చుట్టినవాళ్ళు, అందరూ కదిలారు. ఇంత ఆలోచించిన వాళ్ళు ఒక్క సంగతి మరిచారు. మా వాడలో ఎవరైనా చనిపోతేనే సాంచాలు ఆగుతాయి, శవం లేచేదాకా నడవవు. అవి ఎందుకు ఆగబోతున్నాయో ఇంట్లో ఉన్న అమ్మకు ఎవరూ చెప్పలేదు.

చప్పుడు ఒక్కసారి ఆగేసరికి అమ్మ అన్న పోయాడనే అనుకుంది. జుట్టు విరబోసుకుని, రొమ్ములు బాదుకుంటూ వీధిలోకి వచ్చింది. మేం ఠాణా ముందు కూర్చున్నాం, ఎస్సై ఇక్కడ ఎవడూ లేడని అప్పటికీ అదే పాట పాడుతున్నాడు. అమ్మ మమ్మల్నందరినీ దాటుకుంటూ వచ్చి మెట్ల మీద పడింది.

"నా కొడుకును సంపిన్రు. పీనుగునన్న నాకియ్యుండ్రి."

జనం లేచి నిలబడ్డారు. తల్లే ఏడుస్తోందంటే నిజమేననుకున్నారు. ఎవడో రాయి విసిరాడు, కిటికీ పగిలింది. ఒక కానిస్టేబుల్ తల పగిలి ముఖమంతా నెత్తురైంది. నా చేతిలోనూ రాయి ఉంది, సిగ్గేం లేదు చెప్పడానికి. ఎస్సై ముఖం తెల్లబోయింది.

"ఎవడే సచ్చింది? లోపట బతికే ఉన్నడు నీ కొడుకు" అని అరిచాడు.

నిన్నటినుంచి లేడన్న నోటితోనే ఉన్నాడన్నాడు. ఇక దాచడానికి లేదు. లోపలినుంచి అన్నను రెండు చంకల కింద పట్టి తెచ్చారు. పనిచేసే ఆ సగం చెవినుంచి నెత్తురు మెడదాకా గడ్డకట్టింది. అమ్మ పక్కనే నిలబడి కొడుకా అని పిలిచింది. అన్న తల తిప్పలేదు. రోడ్డు మీద కూడిన కార్మికులను చూసి, పని వేళ వీళ్ళంతా ఇక్కడున్నారేమని భయపడ్డాడు.

"సాంచాలెందుకు బందువెట్టిన్రు? ఎవలు వోయిన్రు?" అని అడిగాడు.

ఎవలూ పోలేదు కొడుకా అని అమ్మ ముఖం నిమిరింది. అదీ వినబడలేదు, నా వైపు చూశాడు. నాకేం చేయాలో తోచక అరచేయి ముందుకు తోశాను. నడుస్తున్నాయి అని చెప్పబోయాను. జనమంతా షెడ్డు మనుషులే కదా, నడుపుమన్నాననుకుని ఒక్కరొక్కరే వెనక్కి తిరిగారు. మేం ఇల్లు చేరేసరికి వాడంతా చప్పుడు. అది విన్నాకే అమ్మ ఏడుపు ఆపింది. అన్న గోడకు అరచేయి ఆనించి, అందులో సాంచాల అదురు పట్టి చూస్తూ నిలబడ్డాడు.

ఇక క్లబ్బు మూసేస్తారనుకున్నాను. పది మంది వచ్చే గ్రౌండుకు వాడలకు వాడలు వచ్చాయి. కోరుట్ల వాళ్ళు బస్సెక్కి వచ్చి ఇసుకలో కలిసిన నూలు ఏరారు. జగిత్యాల వాళ్ళు ఇంకొన్ని తుమ్మలు కొట్టి జాగా పెంచారు. వడ్లాయన తేలిక కర్రతో కొత్త బ్యాటు చెక్కి తెచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నేల మీద పెట్టాడు. ఆ ఏడే ఆడపిల్లల జట్టు కూడా లేచింది.

వేళ్ళ కట్లు విప్పాక అన్న మళ్ళీ నా ఎదుట కూర్చున్నాడు. అమ్మ కొత్తగా చుట్టిన బంతి నా చేతిలో ఉంది. అన్న వంకరపోయిన రెండు వేళ్ళు కష్టంగా కలిపి విడదీశాడు, పోగు తెగిందని. ఎదుట బ్యాటు పట్టుకున్నవాడెవడూ లేడు, మోసపోవడానికి. ఆ మెల్లటి బంతి తన చేతుల కోసం అడిగాడు. నేను మెల్లగానే విసిరాను.