పరంధామయ్యగారి ప్రెల్యూడ్

పరంధామయ్యగారు అసలు విషయానికి రారు. ఆయన్ని గురించి చెప్పాల్సింది ఇదొక్కటే, మిగిలినదంతా దీనికి వివరణ. టైమెంతయిందని ఎవరైనా అడిగితే, గడియారాలు లేని కాలంలో జనం నీడని చూసి పొద్దు ఎలా లెక్కకట్టేవారో చెప్పి, తన చేతి గడియారం ఎక్కడ కొన్నదీ, కొట్టువాడు ఎంత మంచివాడో చెప్పి, అప్పుడు మణికట్టు వైపు చూసుకునేవారు. ఈలోపు అడిగినవాడి రైలు వెళ్ళిపోయేది.

సింగపూర్‌లో మా ఆఫీసులో ఆయన నాకు మేనేజరు. తొంభైల చివరి రోజులవి. కొత్త సంవత్సరం అంకె మారగానే కంప్యూటర్లన్నీ మళ్ళీ పందొమ్మిదివందలో సంవత్సరం అనుకుని కూలబడతాయని లోకమంతా భయపడుతోంది. ఆ భయం మీదే మా అందరి అన్నం. పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడం మా పని. నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. నలుగురిలో నోరు విప్పడం నాకు కష్టం, సంచిలో పుస్తకం లేకుండా రైలెక్కడం ఇంకా కష్టం. అలాంటిదానికి పరంధామయ్యగారు మేనేజరుగా దొరకడం నా అదృష్టం. ఆయన గదిలో కూర్చుంటే మనం మాట్లాడాల్సిన అవసరమే రాదు.

ఆఫీసు కింద క్యాంటీన్లో ఒక ముసలి చైనా ఆయన కాఫీ పోసేవాడు. మన మేనేజరుగారు రోజూ అతని ముందు నిలబడి, నిన్నటి వాన దగ్గర మొదలుపెట్టి, వానకీ కాఫీకీ ఉన్న సంబంధం మీదుగా, చక్కెర ఎంత వెయ్యాలన్న చోటికి ప్రయాణం చేసేవారు. అతను వింటూనే కాఫీ కలిపి, చేతిలో పెట్టేవాడు.

"నేనింకా ఏం కావాలో చెప్పలేదే" అనేవారు ఈయన.

"యూ టాక్, ఐ మేక్" అనేవాడతను. "సేమ్ సేమ్ ఎవ్రీడే లా." మాట చివర 'లా' తగిలించడం ఆ ఊరి అలవాటు.

ఆ క్యాంటీన్లో బల్ల దొరకాలంటే ముందు ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి రావాలి. చోప్ చెయ్యడం అంటారు దాన్ని. అంత చిన్న ప్యాకెట్‌ని ఎవరూ పక్కకి జరపరు. పరంధామయ్యగారికి ఈ ఊళ్ళో అన్నిటికంటే నచ్చిన ఆచారం ఇదే. "చూశావా సూర్యకుమారీ, భోజనానికి ప్రెల్యూడ్" అనేవారు మురిసిపోతూ.

ప్రెల్యూడ్ అంటే, పాశ్చాత్య సంగీతంలో అసలు పాటకి ముందు వాయించే చిన్న ముక్క. ఆయనకి ప్రాణం అది. ఆయన చిన్నప్పుడు బాపట్లలో బడికి వెళ్ళే దారిలో చర్చి ఉండేదట. అందులో రోజూ పొద్దుటి ప్రార్థనకి హార్మోనియం వాయించే మేష్టారు, పాదిరిగారు వచ్చేదాకా ఏదో ఒకటి వాయిస్తూ జనాన్ని కుదురుగా కూర్చోబెట్టేవారు. పాదిరిగారి సైకిలు పంక్చరయిన రోజున అది అలా సాగుతూనే ఉండేది. మన కుర్రాడు గోడ పక్కన నిలబడి వినేవాడు. సరిగ్గా పాదిరిగారు వచ్చి అసలు పాట మొదలయ్యేసరికి బడి గంట కొట్టేవారు. అలా ఆయన సంగీత జ్ఞానమంతా ముందు భాగంలోనే ఆగిపోయింది. తర్వాత మేష్టారి దగ్గర వాయించడం నేర్చుకున్నా, ఆ అలవాటు పోలేదు.

జురాంగ్ వెస్ట్‌లో వాళ్ళ ఫ్లాట్లో ఒక ఎలక్ట్రిక్ పియానో ఉండేది. శనివారం నన్నూ మా ఆయన్నీ భోజనానికి పిలిచేవారు. పిలిచి పియానో ముందు కూర్చునేవారు. ఆయన భార్య సీతాదేవిగారు జంతికల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టేవారు.

"నవులుతూ ఉండమ్మా. ఆయనింకా శ్రుతి దగ్గరే ఉన్నారు. పప్పు రెండోసారి వేడిచెయ్యాలి."

"ఏవోయ్, కరెంటు పియానోకి శ్రుతి చూసుకోవక్కర్లేదు. నేను చూస్తున్నది మనుషుల శ్రుతి" అనేవారాయన.

"మా శ్రుతి ఆకలి మీద ఉందండీ."

వాళ్ళమ్మాయి శ్రీజకి పన్నెండేళ్ళు. సోఫాలో తలకిందులుగా పడుకుని, "డాడీ, జస్ట్ ప్లే ద రియల్ సాంగ్ లా" అనేది. ఆయన తలూపేవారు, ఇంకో ప్రెల్యూడ్ మొదలుపెట్టేవారు. అసలు పాట ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

డిసెంబరు ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. ఒక్క కంప్యూటరూ కూలబడలేదు. రెండేళ్ళు కష్టపడినందుకు ఏదో ఒకటి పేలితే బాగుండునని మాలో కొందరికి లోపల్లోపల ఉండే ఉంటుంది. పరంధామయ్యగారు మాత్రం పెళ్ళి చేసిన తండ్రిలా చేతులు కట్టుకుని, "రెండేళ్ళు పీఠిక వేశాం. తర్వాత ఏమీ రాలేదు. ఇంతకంటే గొప్పగా ఎవరైనా పని చెయ్యగలరా?" అన్నారు.

పని అంత గొప్పగా చేశాక మాతో ఇంకేం పని? జనవరి మొదటి వారంలో పక్క టీములో రాజారావుని వాళ్ళ మేనేజరు గదిలోకి పిలిచాడు. టీ చల్లారేలోపు బయటికొచ్చి బల్ల సర్దుకున్నాడు. మర్నాడు గీతాంజలి.

నాకప్పుడు ఏడో నెల. అన్నేళ్ళకి వచ్చిన మొదటి కాన్పు. విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరు గట్టిగా చెప్పింది. మా ఆయన మహీధర్ అక్కడి యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థి. అతని పాస్ మీద, అంటే అక్కడి వీసా మీద, నన్ను ఉండనివ్వరు. నేను ఆ దేశంలో ఉన్నది నా ఉద్యోగం మీద. ఉద్యోగం పోతే నెల తిరక్కుండా దేశం వదలాలి. వదలాలంటే విమానం ఎక్కాలి. రోజంతా ఇదే బుర్రలో గింగిరాలు తిరిగేది. చేతిలో పుస్తకం ఉండేది గాని పేజీ తిరిగేది కాదు.

ఆ శుక్రవారం మూడున్నరకి పరంధామయ్యగారు నన్ను పిలిచారు. మహీధర్‌కి ఫోన్లో ఆ మాట చెప్పి వెళ్ళాను. "సూర్యకుమారీ, కూర్చోమ్మా. నీకొక విషయం చెప్పాలి."

కూర్చున్నాను. కడుపులో పిల్ల కూడా కదలడం మానేసి వింటున్నట్టుంది.

"పూర్వం యూరప్‌లో లూట్ అని ఒక వాద్యం ఉండేది" అన్నారాయన. "మన వీణకి దూరపు చుట్టమనుకో. దానికి తీగలెక్కువ, గాలి కాస్త తడిసిందంటే శ్రుతి తప్పేది. అందుకని వాయించేవాడు ముందు తీగలు సరిచూసుకుంటూ అటూ ఇటూ నాలుగు స్వరాలు మీటేవాడు. మనవాళ్ళు మైకు ముందు హలో, చెక్ చెక్ అంటారే, అలా. అంతే, అదీ ప్రెల్యూడ్ పుట్టుక. ముందే రాసుకున్నది కాదు, చేతికొచ్చింది వాయించడమే."

గాజు తలుపు అవతల పర్సనెల్ డిపార్ట్‌మెంటు మిస్ టాన్ వచ్చి నిలబడింది. గడియారం చూపించింది. ఈయన ఆగమన్నట్టు చెయ్యెత్తారు. లూట్ తీగలన్నీ శ్రుతి అయ్యేసరికి అయిదయింది.

"మిగతాది సోమవారం" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి మహీధర్ గుమ్మంలోనే ఉన్నాడు. "చెప్పారా?"

"చెప్పలేదు."

"మరి గంటన్నర ఏం మాట్లాడారు?"

"పదహారో శతాబ్దం."

మహీధర్ చెప్పులు విడవబోయి మళ్ళీ తొడుక్కున్నాడు. "నేను వెళ్ళి అడగనా?"

"వద్దు. నువ్వు వెళ్తే పదిహేనో శతాబ్దానికి పోతారు."

సోమవారం నుంచి రోజూ ఇదే వరస. నాలుగింటికి పిలుపు, "నీకొక విషయం చెప్పాలి", ఆయన చరిత్ర. చర్చిల్లో ఆర్గన్ వాయించేవాళ్ళు పాడేవాళ్ళకి శ్రుతి అందించడానికి ప్రెల్యూడ్ వాయించేవారట. మన ఆలాపనలా రాగం ఇదీ అని ముందుగా రుచి చూపించడం. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో ఒక రకం వచ్చిందట, తాళం గీతలే లేకుండా రాసేవారు. ఏ స్వరం ఎంతసేపు పట్టుకోవాలో వాయించేవాడి ఇష్టం.

"ఎంతసేపైనా?" అన్నాను. ఆ వారంలో ఆయన గదిలో నేనన్న మొదటి మాట అదే.

"ఎంతసేపైనా" అన్నారు, నా వెనకాల గాజు తలుపు వైపు చూస్తూ. మిస్ టాన్ ఈసారి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఉంది.

రెండో వారంలో ప్రెల్యూడ్‌కి పెళ్ళయింది. ఫ్యూగ్ అనే పెద్ద రచనకి జతకట్టి, ఇది ముందు, అది తర్వాత అని పెట్టారట. ఫ్యూగ్ అంటే ఒకే పల్లవిని ఒక గొంతు తర్వాత ఒక గొంతు తరుముకుంటూ పోవడం. ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నన్ను తరుముకుంటూ రాబోతున్నదేమిటో నాకు తెలుసు. ఆయన ఎందుకింత సాగదీస్తున్నారు? పడేదేదో ఒక్క వేటు పడిపోతే బాగుండును కదా. ఆ సాయంత్రం సీతాదేవిగారికి ఫోన్ చేశాను.

"ఆయన ఇంట్లో ఏమైనా అన్నారా అత్తయ్యగారూ?"

"అసలు ఇంట్లో మాట్లాడితేగా తల్లీ. పదిహేను రోజులుగా ఆఫీసు నుంచి రావడం, ఫోన్ పట్టుకోవడం. ఎవరో ఈశ్వరరావుట. పాపం, ఆ అవతలి మనిషి ఎలా భరిస్తున్నాడో. పెళ్ళాన్ని కాబట్టి నాకు తప్పదు, అతనికేం కర్మ?"

మూడో వారం ప్రెల్యూడ్ విడిపోయింది. తర్వాతి శతాబ్దంలో ఒంటరి ప్రెల్యూడ్లు వచ్చాయని చెప్పారు. వెనక ఫ్యూగ్ లేదు, పాట లేదు. అదే మొదలు, అదే చివర. "అప్పట్లో జనం, దేనికయ్యా ఈ పీఠిక, వెనకేదీ అని అడిగే ఉంటారు. వెనకేమీ లేదు. ఉండాలని ఎవరన్నారు?" అన్నారు. అని, జేబురుమాలుతో నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్న, నేను సంచి కూడా దించకముందే నా బల్ల దగ్గరికొచ్చారు.

"పదింటికి సైన్స్ పార్కు వెళ్ళు. ఈశ్వరరావు అని నా పాత స్నేహితుడు. ఉద్యోగం ఇస్తాడు. పాస్ వాళ్ళే మారుస్తారు. టాక్సీలో వెళ్ళు, బస్సొద్దు."

నేను అలాగే చూస్తూ కూర్చున్నాను.

"ఏమ్మా, వినపడలేదా?"

"పీఠిక కోసం చూస్తున్నానండీ."

"వాడు మధ్యాహ్నం విమానంలో ఊరెళ్తున్నాడు. టైము లేదు, లే" అన్నారు. నాకు తెలిసి ఆయన జీవితంలో నేరుగా అసలు విషయంతో మొదలుపెట్టింది ఆ ఒక్కసారే. అది నా విషయం.

ఇప్పుడు వన్-నార్త్ అని అద్దాల మేడలు కట్టారే, దానికి కాస్త ఇవతల ఉంటుంది సైన్స్ పార్కు. ఈశ్వరరావుగారిది ఇంటర్నెట్‌లో పూలగుత్తులు అమ్మే కంపెనీ. ఆ ఏడాది ఏ గదిలో చూసినా అలాంటి కంపెనీ ఒకటుండేది. నా అర్హతలు చెప్పబోతే ఆయన ఆపారు.

"అన్నీ తెలుసమ్మా. మూడు వారాలుగా ఫోన్ చేస్తున్నాడు. మొదట లూట్ గురించి చెప్పాడు. ఆనక ఆర్గన్. దేనికి చేస్తున్నాడో అర్థం కాక మా ఆవిడ దినపత్రికలో చావు కబుర్లు కూడా వెతికింది. నిన్నటికి గాని, 'ఒక అమ్మాయికి ఉద్యోగం కావాలి, ఏడో నెల నిండింది' అన్న మాట బయటికి రాలేదు. హమ్మయ్య, అసలు విషయం వచ్చిందన్న సంతోషంలో సరే అనేశాను. ఏడో నెల అన్న సంగతి ఫోన్ పెట్టేశాక తట్టింది."

"మీకు ఇబ్బందైతే..."

"ఇబ్బందే. వద్దంటే మళ్ళీ మొదట్నుంచీ వాయిస్తాడు. కాన్పయ్యాక రెండు నెలలు సెలవు తీసుకుందువుగాని. చేరేది ఎప్పుడో చెప్పు."

పాత ఆఫీసుకి వెళ్ళి రాజీనామా ఇచ్చాను. మిస్ టాన్ తీసుకుంది, నవ్వింది. ఆవిడ నవ్వగా చూడడం నాకదే మొదలు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మా కంపెనీ రూలు ప్రకారం, ఉద్యోగం పోయిన సంగతి ఎవరి మేనేజరు వాళ్ళకి స్వయంగా చెప్పాలి. చెప్పిన రోజు నుంచే నెల లెక్క. నా సంగతి చెప్పమని ఆయనకి మొదటి వారంలోనే ఆర్డరు వచ్చింది.

"రోజూ అడిగాను, చెప్పారా అని. రోజూ ఒకటే జవాబు, మొదలుపెట్టానని. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను కదా, మొదలుపెట్టిన మాట నిజమే. మా బాస్ అడిగితే అదే చెప్పాను, మొదలైంది, మధ్యలో ఆపకూడదని." ఆ నవ్వు ఆగనే లేదు. "ఐ థింక్ ఈ ఆఫీసులో మూడు వారాల పాటు ఉద్యోగం పోయిన మనిషి నువ్వొక్కదానివే. పోతూనే ఉంది, పోలేదు."

క్యాంటీన్లో నా ఎదురు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. కాసేపటికి పరంధామయ్యగారు కాఫీతో వచ్చి, దాన్ని తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. దేశంలో నా చోటుని ఎవరూ జరపకుండా ఆ మూడు వారాలూ ఈయన చేసిందీ ఇదే కదా అనిపించింది. ఆ మాట పైకి అనడం నాకు చేతకాలేదు.

"మీరు నాకు చెప్పాల్సింది చెప్పనే లేదు" అన్నాను.

"ప్రెల్యూడ్ తర్వాత ఏదో ఒకటి వచ్చి తీరాలని లేదమ్మా. మొన్ననేగా చెప్పాను, విన్లేదూ?" అన్నారు. ఆ వెంటనే కాఫీలో చక్కెర తక్కువైందని మొదలుపెట్టి, జావా దీవిలో చెరకు తోటలదాకా వెళ్ళారు. కాఫీ ముసలాయన అక్కణ్ణించే విని, ఇంకో చెంచా చక్కెర తెచ్చి వేసి వెళ్ళాడు.

మార్చిలో నందిత పుట్టింది. విమానం ఎక్కకుండా, అక్కడే, సీతాదేవిగారు కాసిన మిరియాల చారు తాగుతూ కాన్పు గడిచింది. మేం అక్కడే ఉండిపోయాం. పరంధామయ్యగారికిప్పుడు ఎనభై దాటాయి. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తారు.

"సూర్యకుమారీ, నీకొక విషయం చెప్పాలి."

నేను ఫోన్ స్పీకరులో పెట్టి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటాను. నందిత ఆఫీసు లాప్‌టాప్ మీంచి తలెత్తి, "అంకుల్ ఆ? షార్ట్ వన్ ఆర్ లాంగ్ వన్?" అంటుంది. చిక్కుడుకాయలు అయిపోతాయి, అన్నం ఉడుకుతుంది, అవతల సీతాదేవిగారు పప్పు రెండోసారి వేడిచేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ విషయం ఏమిటో ఇన్నేళ్ళయినా ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.