మూడు గీతల బోల్టు

మా చిన్నప్పుడు నాయన ముఖం కంటే పాదాలే ఎక్కువ చూశాను... ఎప్పుడూ ఏదో ఒక పాత కారు కిందే ఉండేవాడు. పూతలపట్టు కూడలి దాటాక మా రేకుల షెడ్డు. ఇల్లు దాని వెనకే.

విప్పిన బోల్టులు కిరసనాయిల్లో కడిగి, గోనెపట్ట మీద వరసగా పెట్టడం నా పని. తల మీద మూడు గీతలుంటే గట్టి బోల్టు... స్టీరింగుకు, చక్రాలకు. గీతలు లేనిది మెత్తది... నంబరు పలకకు చాలు. నాయన కింద నుంచి చెయ్యి చాపి "గీతలెన్ని మ్మే?" అనేవాడు. నేను చూసి, చెప్పి, అప్పుడు అందివ్వాలి.

ఒకసారి కార్వేటినగరం నుంచి ఒకాయన వాళ్ల తాత నాటి నల్ల కారు తెచ్చాడు. కూతురి పెళ్లికి నడపాలట. తళతళలాడే కొత్త బోల్టులు కూడా ఆయనే కొనుక్కొచ్చాడు. ఒక్కదాని మీదా గీత లేదు.

"పెండ్లి బండప్పా... అన్నీ మెరస్తా ఉండాల."

"మెరిస్తే సాలదబ్బా, బరువు మొయ్యాల గదా. పైన కనపడే సోట ఏస్తాలే" అన్నాడు నాయన.

బండి తీసుకుపోయే రోజు వాళ్లింట్లో వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. "ఏం పాపా, నువ్వేనా ఈడ పెద్దమేస్త్రీ?" అని ఒకామె నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడే కారు కింద నుంచి నాయన చెయ్యి వచ్చింది.

"స్టీరింగుకు రెండియ్యి. గీతలెన్ని మ్మే?"

"మూడు" అన్నాను... చూడకుండానే చేతికి తగిలినవి రెండు అందించి.

పిల్లలతో కలిపి ఏడుగురు ఎక్కి వెళ్లిపోయారు. నేను గోనెపట్ట ఎత్తాను... స్టీరింగుకు తీసిపెట్టిన మూడు గీతల బోల్టులు రెండూ దాని మడతలో అలాగే ఉన్నాయి. రెండూ గుప్పిట్లో పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాను.

లోపల నాయన అన్నం తింటున్నాడు. గడప దగ్గర నిలబడ్డాను... చెప్పలేకపోయాను. కారు ఎంత దూరం పోయిందో...

"ఏమే, గాలి సోకినట్టు ఆడ నిలబడినావు?" అంది అమ్మ.

గుప్పిట తెరిచాను. నాయన చూశాడు. ఎంగిలి చేత్తోనే ఆ బోల్టులు తీసుకుని మోపెడ్ తీశాడు.

పొద్దు వాలింది. అమ్మ పొయ్యి వెలిగించలేదు. రోడ్డు మీద హారన్ మోగినప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడేవాళ్లం...

దీపాలవేళకు వచ్చాడు. తెగిన బోల్టు ముక్క నేల మీద పెట్టాడు.

"స్టీరింగ్ ఆడతా ఉండాదని పక్కన ఆపుకోని నిలబడినారు. ఒకటి తెగిపోయినాది. రెండోది వంగిపోయినాది. ఇంకొక మలుపు తిరిగి ఉంటే..." అని నా వైపు చూసి, "నీ తప్పు గాదు మ్మే. లేసి సూడాల్సింది నేను" అన్నాడు.

కొట్టి ఉంటే బాగుండేది అనిపించింది. మరుసటి రోజు నుంచి ప్రతి బోల్టుకూ కింద నుంచి బయటికొచ్చి, తనే ఏరుకునేవాడు. నన్ను పిలవలేదు.

ఇప్పుడు పాత కార్లకు కావాల్సినవి ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకుంటున్నారు. కొలత, గట్టితనం కవరు మీదే ఉంటాయి... మనిషిని అడగాల్సిన పని లేదు, మనిషిని నమ్మాల్సిన పనీ లేదు.

గడప దగ్గర నిలబడి చెప్పలేకపోయిన మాట మీకూ ఒకటి ఉంటే... రాయండి. నేను చదువుతాను.