ఆకులా, విస్తళ్లా?

నా చిన్నప్పుడు ఒకసారి వానలకు మా హాస్టలుకు నాలుగు రోజులు సెలవిచ్చారు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉండేది ఆ ఆడపిల్లల హాస్టలు. మధ్యాహ్నానికల్లా నాన్నలు వచ్చి ఎవరి పిల్లలను వాళ్లు తీసుకుపోయారు. మా ఊరి దారిలో వాగు పొంగడంతో మా నాన్న రాలేదు. పెద్ద గదిలో నా చాప ఒక్కటే మిగిలింది.

నేను ఆ ఏడే చేరాను. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు ఇంకా సరిగా వచ్చేది కాదు. ముందు రోజే సారు బోర్డు మీద 2 + 3 × 4 అని రాసి నన్ను లేపారు. రెండూ మూడూ అయిదు, అయిదు నాలుగులు ఇరవై అన్నాను. "తప్పు, పద్నాలుగు. ముందు గుణించాలి" అని కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పలేదు. క్లాసంతా నవ్వింది. నాన్న వస్తే ఇక బడికి రానని చెప్పేద్దామనుకున్నాను.

వంటక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. ఎండిన మోదుగాకులను పుల్లలతో కుట్టి విస్తళ్లు చేస్తోంది. నేనూ పక్కన కూర్చుని కుట్టాను. ఉన్నట్టుండి ఏడుపొచ్చి, లెక్క సంగతి చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. "ఇరవై ఎట్లొచ్చింది బిడ్డా? నాకు చెప్పు" అంది. చెప్పాను. అప్పుడామె రెండు విడి ఆకులు నా ముందు పెట్టింది, వాటి పక్కన మూడు విస్తళ్లు. ఒక్కో విస్తరికి నాలుగాకులు.

"రెండూ మూడూ అయిదన్నవ్ గదా. అయిదు ఏంది? ఆకులా, విస్తళ్లా?"

వాటిని మార్చి మార్చి చూశాను. ఆ అయిదు అటు ఆకులూ కావు, ఇటు విస్తళ్లూ కావు.

"విస్తళ్లల్ల ఎన్ని ఆకులున్నయో ముందుగాల చూడు. అటెన్క గీ రెండు కలుపు."

వేలితో తడుముతూ లెక్కపెట్టాను. పన్నెండు. విడివి రెండు కలిపితే పద్నాలుగు. గట్టిగా చెప్పాను, ఆ ఖాళీ హాస్టల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మూడో రోజు వాగు తగ్గి నాన్న వచ్చాడు. బడి మానేస్తానని చెప్పలేదు. సెలవులయ్యాక తిరిగి వచ్చేసరికి వంటక్కను వేరే హాస్టలుకు మార్చేశారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. అందరం వంటక్క అనే పిలిచేవాళ్లం. ఆమె పేరు అడగాలని నాకెప్పుడూ తట్టలేదు.

తర్వాత లెక్కల టీచరునై, రిటైరై, ఇప్పుడు జూలూరుపాడులో ఒక్కదాన్నే ఉంటున్నాను. కొన్ని సాయంత్రాలు పక్కింటి పిల్ల నోటుపుస్తకం తెచ్చుకుంటుంది. తప్పు కనబడగానే కొట్టెయ్యను. దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ జవాబు దాకా ఎట్లా వచ్చిందో చివరిదాకా వింటాను.