ఎర్రగుడ్డ కట్టిన కర్ర

మూఢనమ్మకాన్ని పాతిపెట్టబోయి మీరే నడుము దాకా భూమిలో దిగబడిన సందర్భం మీ జీవితంలో ఉందా? నాకుంది. అదీ వైస్ ఛాన్సలర్‌గా చేరిన మూడో రోజున, విశ్వవిద్యాలయమంతా చూస్తుండగా.

నాయుడుపేట దాటి సముద్రం వైపు పోతే, ఉప్పుటేటి ఒడ్డున ఉంటుంది మా విశ్వవిద్యాలయం. నా ఆఫీసుకూ తరగతి గదులకూ మధ్య తెల్లటి ఉప్పునేల, పలకలా చదునుగా. అయినా ఎవరూ దాని మీద నేరుగా నడవరు. మేష్టార్లు, విద్యార్థులు, సైకిళ్లు, చివరికి మేకలు కూడా మధ్యలో ఒకచోటికి రాగానే చప్పుడు ఆపి, పెద్ద చుట్టు తిరిగి పోతారు. అక్కడ ఒక కర్ర, దానికి ఎర్రగుడ్డ. పక్కన నేలలోంచి పొడుచుకొచ్చిన రెండు గేదె కొమ్ములు. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని ఉక్కలో, ఆ గుడ్డ ఒక్కటే వణికేది.

"అదేమిటి రమణయ్య గారూ?" అని రిజిస్ట్రార్‌ను అడిగాను.

"తెలీదు మేడమ్. అందరూ చుట్టూ పోతారు, నేనూ పోతా."

"ఎందుకని అడగలేదా?"

"ఏం చెబుతారోనని భయం మేడమ్."

రెండో రోజు ఒంటరిగా కొంత దగ్గరికి వెళ్లాను. కాళ్ల కింద నేల నిట్టూర్చింది. అబద్ధం కాదు, ముసలిమనిషి నిద్రలో ఊపిరి వదిలినట్టు. నా వెన్నులో చల్లగా ఏదో పాకింది. ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి దయ్యాలను తిట్టినా, హేతువాది వెన్ను కూడా వెన్నే కదా. భయపడ్డ హేతువాదిలాంటి ప్రమాదకరమైన జంతువు లేదు. ఆ భయం బయటపడకుండా ఉండాలంటే ముందు ఎవరినో ఒకరిని కరవాలి.

గుడ్డ కట్టింది కాపలాదారు ప్రభుదాసు అని ఆరా తీసి తెలుసుకున్నాను. ఎందుకు కట్టాడో ఆరా తీయాలని మాత్రం తోచలేదు. పిలిపించాను.

"ఆదివారం చర్చికి పోతావు, సోమవారం పోలేరమ్మకు గుడ్డ కడతావా?"

"పోలేరమ్మ కాదు మేడమ్, ఆడ..."

"నోటిమాటలొద్దు. రాసివ్వు."

మూఢనమ్మకాలు వ్యాపింపజేస్తున్నందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమని మెమో చేతిలో పెట్టాను. పదేళ్లుగా చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగం అతనిది. మనిషి తెల్లబోయాడు.

మూడో రోజు పొద్దున జవాబు కవరులో తెచ్చిచ్చాడు. విప్పకుండా చేతిసంచిలో వేసుకున్నాను. అందరి ముందూ చదివి ఖండించాలని నా పథకం.

మధ్యాహ్నం జనాన్నంతా ఉప్పునేల అంచున నిలబెట్టి ఉపన్యాసం దంచాను. ఈ కర్ర పీకితే ఆకాశం కూలుతుందా అన్నాను. వెనకనుంచి ప్రభుదాసు గొంతు వచ్చింది. "పోబాకండి మేడమ్. ముందు కాగితం చూడండి."

"తర్వాత" అని నడిచాను.

కర్ర చాలా సులువుగా వచ్చింది, కిందనుంచి ఎవరో అందించినట్టు. గర్వంగా పైకెత్తాను. చప్పట్లు లేవు. జనం మాత్రం ఉన్నట్టుండి పొడుగ్గా కనిపించసాగారు. ఇంతమంది ఒక్కసారిగా ఎలా పెరుగుతారని హేతుబద్ధంగా ఆలోచించాను. పెరుగుతున్నది వాళ్లు కాదు.

దూరపు బురద నునుపు. మోకాళ్లు పోయాయి, నడుము పోయింది. చల్లటి వేళ్లలాంటివేవో పాదాలు పట్టుకుని తీరిగ్గా లాగుతున్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడగడానికి నాకు కాళ్లు కనిపిస్తే కదా!

"కదలబాకండి మేడమ్" అన్నాడు ప్రభుదాసు. "నేను తలుపుచెక్క తెచ్చిందాకా ఆ కాగితం చదువుకుంటా ఉండండి."

కవరు చించాను.

"మేడమ్ గారికి నమస్కారాలు. అక్కడ ఊబి ఉన్నది. అడుగున ఏటి నీరు ఊరినప్పుడు నేలా కర్రా కదులుతాయి. ఎర్రగుడ్డ ప్రమాదం గుర్తు. కంచె వేయించమని మూడు అర్జీలు పెట్టినాను, ఎవరూ చదవలేదు. ఆ కొమ్ములు ఎవరూ తెచ్చి పెట్టలేదు. వాటి కింద మా గేదె ఉన్నది."

కొమ్ములు నా మోచేతికి జానెడు దూరంలో ఉన్నాయి. అప్పుడు నేను పెట్టిన కేకకు, ఆ చుట్టుపక్కల నిజంగా దయ్యమేదైనా ఉంటే ఊరొదిలి పోయి ఉంటుంది.

ప్రభుదాసు బురద మీద చెక్క పరిచి, పాకుతూ వచ్చి, నా చేతిలోని ఆ కర్ర రెండో కొసనే పట్టుకుని లాగాడు. ఒడ్డున పడ్డాక నన్ను ఎగాదిగా చూసి, "మా బర్రెకైతే చదువు రాదు మేడమ్" అన్నాడు.

బురద చేత్తోనే మెమో రద్దు చేశాను. సంతకం పక్కన ఐదు వేళ్ల ముద్రలూ ఫైల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ వారమే కంచె లేచింది. ప్రభుదాసు ఉద్యోగం నిలిచింది.

ఊబిలోనే ఉండిపోయిన నా చెప్పుల సాక్షిగా, వాటికి కాపలా కాస్తున్న గేదె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కారణం అడగకుండా ఇక ఏ కర్రా పీకను. అడిగి, జవాబు చదవకుండా అసలే పీకను.

మీ బల్ల మీద కూడా కింది ఉద్యోగి ఇచ్చిన, మీరింకా విప్పని కవరు ఒకటి ఉండే ఉంటుంది. ఇది పక్కన పెట్టి, దాన్ని ఇప్పుడే విప్పి చదవండి.