ఒక్క చేత్తో ఎత్తే కెమెరా

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. నేను ఫోన్లో రెండు పాత కెమెరాల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి పెద్ద లెన్సుది, రెండోది చిన్నది.

"దీంతోని ఏం తీస్తవ్ తమ్మీ?"

"విమానాలండి. రెండూ నాకు అందే ధరలోనే ఉన్నాయి. పెద్దదైతే ఫొటో బాగా వస్తుంది."

"బరువెంతుంటది?"

"రెండున్నర కిలోలు."

"వద్దు. ఒక్క చేత్తోని లేపేది కొనుక్కో."

నవ్వాను. ఆయన నవ్వలేదు. నా ఒళ్లో ఉన్న కిడ్నీ రిపోర్టుల కవరు వైపు చూశాడు. తన ఎడమ చేతి చొక్కా పైకి మడిచి, నా వేళ్లు పట్టుకుని ముంజేతి మీద ఆనించాడు. తాడులా ఉబ్బిన నరం, విమానం పోతుంటే కిటికీ అద్దం అదిరినట్టు అదురుతోంది.

"డయాలసిస్ కోసం ఈ నరానికి ఆపరేషన్ జేసిన్రు. ఈ చేత్తోని ఇగ బరువు లేపొద్దు. పొద్దుగాల లేవంగనే పట్టి చూస్త. అదురుతుంటే ఫికర్ లేదు. ఆగిందంటే దవాఖానకు ఉరకాలె."

నాకు ఒళ్లు మండింది. నాకింకా అంతదాకా రాలేదన్నాను. ఆ సాయంత్రం పంతం కొద్దీ పెద్ద లెన్సుదే కొన్నాను.

అదిప్పుడు బీరువాలో ఉంది. నల్లగండ్లలో మా మేడ మీదుగా పొద్దున్నే ఒక విమానం పోతుంది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చినా కిటికీ దగ్గరికి వెళ్లను. ముందు కుడి చేతి వేళ్లతో నా ఎడమ ముంజేతిని పట్టి చూసుకుంటాను.