నలభై రకాలు, ఒకటే బంతి

ఆ రోజుల్లో దుబాయ్ నుంచి ఇంటికి అబద్ధం పంపాలంటే ఒక ఎయిర్‌మెయిల్ కవరు చాలు. నిజం పంపాలన్నా అదే కవరు గానీ, నిజం చదివితే ఇంటి దగ్గర ఏడుస్తారని మేమెవరం పంపేవాళ్లం కాదు. నేను ఇంటర్ తప్పి, ఎనభైల మొదట్లో అక్కడ ఒక బిల్డింగుల కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేరాను. నైఫ్ బజారు వెనక ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. వాళ్లలో చేతిరాత బాగున్నవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో అందరి ఉత్తరాలూ నా నెత్తిన పడ్డాయి. (చేతిరాత బాగుండటం వేరు, చెప్పింది చెప్పినట్టు రాయడం వేరు. ఆ రెండోది నాకు ఇప్పటికీ చేతకాదు.)

గదిలో అందరికన్నా పెద్దవాడు మేస్త్రి మామ. టైల్స్ పరవడంలో చెయ్యి తిరిగినవాడు. మాది కరీంనగర్ జిల్లాలో పక్కపక్క ఊళ్లు కాబట్టి వరస కలుపుకుని నన్ను అల్లుడా అనేవాడు. అలా నేనెప్పుడూ చూడని ఆయన భార్య నాకు అత్త అయింది. ఆవిడ ప్రతి ఉత్తరంలోనూ అడిగేది ఒకటే, ఏం తింటున్నవని. మామ రోజూ తింటున్నది ఖుబూస్ రొట్టె, పప్పు. "గట్ల రాస్తె ఏడుస్తది. జెర మంచిగ రాయి అల్లుడా" అన్నాడు మామ. ఆ 'జెర' అన్న మాటే నాకు లైసెన్సు అయిపోయింది. మొదటి ఉత్తరంలో శుక్రవారం కోడికూర అని రాశాను. రెండోదాంట్లో కంపెనీవాళ్లు శుక్రవారం హోటలుకు తీసుకెళ్తారన్నాను. తర్వాత బల్లల మీద తెల్లగుడ్డలు పరిచాను. నేను ఎప్పుడూ ఆకలి మీదే రాసేవాణ్ణి కాబట్టి, మూడో ఏడు వచ్చేసరికి ఆ హోటల్లో వంటలు నలభై రకాలయ్యాయి.

అప్పుడు మామకు సెలవు దొరికింది. ప్రయాణం ఇంకో పదిహేను రోజులుందనగా నా మంచం మీదకొచ్చి కూలబడ్డాడు. "కాగితం మీద అబద్ధమాడుడు అల్కగనే ఉంటది గని, మీ అత్త ఎదురుంగ కూసొని అడిగితె నా మొఖం దాగదురా. నువ్వు రాసినవ్, నేను దొరుకుత. ఒక్కపారన్న తిని పోవాలె" అన్నాడు. ఆయన భయం చూసి నాకు నిజంగా సిగ్గేసింది.

మా సైటు ఆఫీసులో ఒక ఫిలిప్పీన్స్ డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. ముదీర్, అంటే మా మేనేజరు, తిట్టినా నవ్వుతూనే ఉండేవాడు కాబట్టి మేమంతా నవ్వులాయన అనేవాళ్లం. ఆయన్ని అడిగితే, డేరా అనే పేటలో తమవాళ్లు వండే ఒక చిన్న హోటలుందని, శుక్రవారం మధ్యాహ్నం బఫే అని, ఒకసారి కడితే ఎంతైనా తినొచ్చని, మన జేబుకు అందేదేనని చెప్పాడు. మామ పెట్టిన షరతు ఒక్కటే, పశుమాంసం ప్లేటులో పడకూడదు. నవ్వులాయన వెంటనే ట్రేసింగ్ కాగితం తీసి, వంటల బల్లకు స్కేలుతో ప్లాను గీసి ఇచ్చాడు. కోడికూర ఉన్న చోట కోడి, చేప ఉన్న చోట చేప, ఓ మూల రెండు ఆవులు, వాటి మీద పెద్ద ఇంటూ గుర్తులు. మామ దాన్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ముగ్గురం బయల్దేరాం. మూడోవాడు మా కంపెనీ వ్యాను డ్రైవరు, గోదావరి జిల్లా వాడు, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేశాడు. "కడుపు ఖాళీగా ఉంచుకోవాలబ్బాయ్, లేకపోతే మనవే నష్టపోతాం" అని నాకూ చెప్పాడు. నేనూ మానేశాను. మామ విమానం ఎక్కడానికి కుట్టించుకున్న కొత్త ప్యాంటు వేసుకున్నాడు.

పన్నెండున్నరకల్లా హోటల్లో ఉన్నాం. తెల్లగుడ్డలు నిజంగానే ఉన్నాయి! (నేను ఊహించి రాసింది కళ్లెదుట కనబడితే కొంచెం గర్వం కూడా వచ్చింది.) మామ బల్లకు ఒక వైపు కూర్చున్నాడు. పక్కన బాబాయ్, ఆ పక్కన నేను. మనం బంతిలో ఎదురెదురుగా కూర్చోం కదా, అందుకని ముగ్గురం గోడకేసి చూస్తూ వరసగా కూర్చున్నాం. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి నీళ్లు పెట్టి, "ప్లీజ్ సార్" అంటూ వంటల వైపు చెయ్యి చాచి చూపించింది. "వంటలు సిద్ధమైనయని చెప్తుంది, మర్యాదస్తురాలు" అన్నాడు మామ. మేమూ మర్యాదగా తలలూపి, వడ్డన కోసం ఎదురుచూశాం.

ఒంటిగంటయింది. మిగతావాళ్లు లేచి వెళ్లి గరిటెలు పట్టుకుని ప్లేట్లు నింపుకుంటున్నారు. "వాళ్లు హోటలాయన చుట్టాలై ఉంటారండీ, చనువు మీద తీసుకుంటన్నారు" అన్నాడు బాబాయ్. నాకు లోపల అనుమానం మొదలైంది గానీ, గదిలో ఇంగ్లీషు తెలిసినవాడిగా నాకున్న పరువు అడ్డమొచ్చింది. ఒంటిగంటన్నరకు బాబాయ్ పొట్టలోంచి వచ్చిన చప్పుడుకు పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. రెండుంబావుకు ఆ అమ్మాయి కంగారుపడి వంటాయన్ని పిలుచుకొచ్చింది. ఎత్తు టోపీ పెట్టుకున్న భారీ మనిషి, ఏడుపు మొహంతో "ఖానా అచ్ఛా నై?" అన్నాడు. మామ చేతులు జోడించి, "ఖానా బహుత్ అచ్ఛా దిక్తా, మగర్ కోయీ పెట్టతా నై" అన్నాడు.

"అప్నా హాథ్ సే లేవో" అని వంటాయన నవ్వుతూ చెప్పేసరికి నేనూ బాబాయ్ లేచి నిలబడ్డాం. మామ మాత్రం కదల్లేదు. "బువ్వకు పోయిన కాడ నా చేత్తోని నేను పెట్టుకుంటనా? గంత దిక్కులేనోన్నా?" అన్నాడు. మూడింటికల్లా అన్నీ ఎత్తేస్తారని బల్ల మీద రాసి ఉంది. మూడేళ్ల అబద్ధాన్ని నిజం చేయడానికి మాకు మిగిలింది ముప్పావు గంట. మరేం చేస్తాం? వయసులో చిన్నవాళ్లు వడ్డించడం, పెద్దవాళ్లు మొదటి బంతిలో తినడం మన పద్ధతి. బాబాయ్ మళ్లీ మామ పక్కన కూర్చున్నాడు, నేను చొక్కా చేతులు మడిచాను.

ఇక చూడండి. ఒక చేతిలో మామ తీసిచ్చిన నవ్వులాయన ప్లాను, ఒక చేతిలో గిన్నె. పులుపు పట్టిన కోడికూర, సన్న సేమ్యాలాంటి వేపుడు, కాగితంలా కరకరలాడే చుట్టలు, నిప్పుల మీద కాల్చిన చేప, ఒక్కొక్కటే తెచ్చి వడ్డించాను. "మేస్త్రి గారూ, మొహమాటపడకండి! ఏయ్ అబ్బాయ్, ఆయనకింకో రెండు చుట్టలెయ్యి!" అని బాబాయ్ తింటూనే అరుస్తున్నాడు. మామ పద్ధతిగా ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టడం, నేను వేళ్ల సందులోంచి వెయ్యడం. పక్క బల్ల దగ్గరి ముసలాయనెవరో నన్ను హోటలు మనిషి అనుకుని సూప్ అడిగాడు. ఇచ్చాను. నలభై రకాలు లేవు, పదిహేడే. మామ పదిహేనింటిని రుచి చూసి, (ఇంటూ గుర్తు ఉన్నవి రెండు) ప్యాంటు గుండీ సడలించి, "ఇగ ఖలాస్. మీ అత్త ఎట్లడిగినా చెప్త" అన్నాడు. ఆయన మొహం అంత తేలిగ్గా ఉండటం నేను మూడేళ్లలో చూడలేదు.

రెండో బంతికి నేను ప్లేటు పట్టుకుని వెళ్లేసరికి మూడయింది. ట్రేలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఊదారంగు స్వీటు ఒక్కటి మిగిలి ఉంటే దాన్ని గీకి పెట్టుకుని తిన్నాను. అది దేంతో చేస్తారో నాకు ఈనాటికీ తెలియదు.

మామ వెళ్లిన నెలకు అత్త దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది, నా పేరు మీద. కూతురితో రాయించింది. మామ అంతా చెప్పాడట, ఒక్క అబద్ధమూ ఆడలేదట. "నువ్వు గిన్నెలు గిన్నెలు తెచ్చి, వద్దన్నా వినకుండ కొసరి కొసరి ఏసినవట. కడుపు నిండ తిన్న అంటున్నడు. మరి నీకెవరు పెట్టిండ్రు బిడ్డా? అది అడిగితె ఈయన చెప్తలేడు" అని ఉంది.

ఏడుగురి తరపున అన్నేళ్లు అబద్ధాలు రాసినవాణ్ణి, ఆ రోజు మొదటిసారి నా సొంతానికి ఒకటి రాసుకున్నాను. ఆ టోపీ వంటాయనే దగ్గర కూర్చుని నాకు వడ్డించాడని, పదిహేను రకాలూ తిన్నానని. రాసి, కవరు అంటించి, ఇరవై ఏళ్లు నిండిన మొనగాణ్ణి చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి చూసి నవ్వొస్తుంది. అత్త ఆ మాట అడిగేదాకా, తనకెవరూ వడ్డించలేదన్న సంగతి వాడికే తట్టలేదు.