నెత్తిన చల్లిన తీర్థం

నా కాలేయంలో మచ్చ కనిపించిందన్న మాట నాకు మొదట చెప్పింది మా మరిది. ధవళేశ్వరంలో ఆఫీసు నుంచి సరాసరి స్కాన్ సెంటరుకు వెళ్ళి రిపోర్టు తీసుకుని వచ్చాడు. మంచినీళ్ళు అడిగి, గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. "పాత జబ్బే అంటున్నారు వదినా" అన్నాడు.

క్యాన్సరని నా కడుపులో చాలా భాగం తీసేసి అప్పటికి ఏళ్ళయింది. కొంచెం కొంచెంగా తినడం అలవాటైపోయి ఆ సంగతే మరిచిపోయాను.

కాకినాడలో డాక్టరుగారు దాచకుండా చెప్పారు. "ఇలా తిరగబెట్టినవాళ్ళందరికీ ఆపరేషన్ చెయ్యలేమండి. మీకు ఒక్కచోటే ఉంది. కొన్నాళ్ళు మందు ఎక్కించి చూద్దాం. కొత్తవి రాకపోతే తీసేద్దాం."

రాలేదు. ఆ దయ ఎవరిదో నాకు తెలుసు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే మా అత్తగారు పిఠాపురం గుడి నుంచి అభిషేక తీర్థం సీసాలో పట్టుకొచ్చారు. చుక్క నీళ్ళు కూడా తాగకూడదని నర్సమ్మ ముందే చెప్పింది. కాని తీర్థాన్ని మా ఇంట్లో నీళ్ళ కింద లెక్కపెట్టరు, ఉపవాసాల్లోనూ పుచ్చుకుంటాం. ఆవిడ మూత తియ్యగానే నా అరచెయ్యి దానంతటదే దొప్పలా వంగింది.

"ఆగండి మామ్మగారూ" అన్నారు పక్క మంచం మీద టీచరుగారు. క్రైస్తవులు. ఆవిడదీ నా జబ్బే. "అది లోపలికెళ్తే ఇవాళ ఆపరేషన్ వాయిదా వేసేస్తారండి."

"తీర్థమమ్మా, కాఫీ కాదు."

"ఆ సంగతి మత్తుమందుకి తెలీదు కదండీ. నెత్తిన చల్లండి. మా చర్చిలో బాప్తిస్మానికీ నెత్తినే చల్లుతారు. లోపలికి దారి దేవుడే చూసుకుంటాడు."

నేను బడికి వెళ్ళనిదాన్ని, మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నాను. టీచరు చెబితే కాదనబుద్ధి కాలేదు, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తగారు టీచరుగారి వైపు తిరిగి, "మీకూ నెత్తేనా? అయితే సరే" అని నా తల మీద చల్లి, మిగిలింది ఆవిడ తల మీదా చల్లేశారు. టీచరుగారు నవ్వుతూ తల వంచారు.

ఆపరేషన్‌లో మచ్చ మొత్తం తీసేశారు. ఆ తరవాత స్కాన్లలో ఏమీ కనబడలేదు. ఇక రాదని డాక్టరుగారు మాటివ్వలేదు, నేనూ అడగలేదు. ఇవాళ మెత్తటి అన్నంలో పప్పు కలుపుకుని తిన్నాను. దానికే దణ్ణం పెట్టుకున్నాను.

టీచరుగారికి మాత్రం మచ్చలు చాలాచోట్ల ఉన్నాయి, ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. మందులతోనే నెట్టుకొస్తూ, ఓపికున్న రోజు బడికి వెళుతున్నారు. మొన్న చెకప్పులో కనబడి, "మీ అత్తగారి సీసాలో ఇంకేమైనా మిగిలిందాండీ?" అని నవ్వారు.

ఇది చదివినవారు దీపం పెట్టేటప్పుడో, ప్రార్థనలోనో ఆ టీచరుగారిని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడ పేరు దేవుడికి తెలుసు.